ఆ నారింజ పైకప్పు కింద అందరూ సమానం కాదు

అపార్ట్‌మెంట్ గ్రూపులో, కాలేజీ స్నేహితుల గ్రూపులో, చివరికి గుంటూరు బంధువుల గ్రూపులో కూడా ఇదే మెసేజ్. ఒకప్పుడు నారింజ రంగు పైకప్పులతో అమెరికా హైవేల మీద ఎక్కడ చూసినా కనిపించి, ఇప్పుడు ఒక్కటీ లేకుండా పోయిన హొవార్డ్ జాన్సన్స్ రెస్టారెంట్ల కథ. చివర్లో "విజయవాడ హైవే హోటళ్లకు ఇదే పాఠం" అని ఒక ముక్క. పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లే ఎక్కువగా పంపుతున్నారు. ఒక్కరైనా చదివి పంపుతున్నారా?

"1925లో రోడ్డు పక్క టీకొట్టుగా మొదలైంది" అట. మసాచుసెట్స్‌లోని క్విన్సీలో, మందుల షాపులో ఐస్‌క్రీమ్, సోడాల కౌంటరుగా మొదలైంది. యజమాని జాన్సన్ "ప్రతి హోటలూ సొంత డబ్బుతో కట్టాడు" అన్నదీ తప్పే. 1935లో కేప్ కాడ్‌లోని ఓర్లీన్స్‌తో ఫ్రాంచైజీలు మొదలయ్యాయి. సరే, ఇవి చిన్నవి.

నాకు ఒళ్లు మండింది మూడో పాయింటుకి. "బోస్టన్ నుంచి ఫ్లోరిడా దాకా నలుపు తెలుపు తేడా లేకుండా అందరూ ఒకే బల్ల దగ్గర తిన్నారు, మనలా కాదు" అని రాశారు. 1957 అక్టోబరులో ఘనా ఆర్థిక మంత్రి కోమ్లా గ్బెడెమా డెలావేర్‌లోని డోవర్‌లో ఈ హోటల్లోనే ఆగి ఆరెంజ్ జ్యూస్ అడిగారు. కొనుక్కుని పట్టుకెళ్లొచ్చు గానీ, నల్లవాళ్లు లోపల కూర్చుని తాగడానికి వీల్లేదన్నారు. ఆయన జ్యూస్ అక్కడే వదిలేసి వచ్చేశారు. అదే ఏడాది ఘనా వచ్చిన అమెరికా ఉపాధ్యక్షుడు నిక్సన్‌కి ఆతిథ్యమిచ్చిన మనిషాయన! గొడవ పత్రికలకెక్కాక అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆయన్ని వైట్‌హౌస్‌కి పిలిచి బ్రేక్‌ఫాస్ట్ పెట్టారు. మంత్రి కాబట్టి పెట్టారు. అదే దారిలో ఆకలితో వెళ్లే నల్ల లారీ డ్రైవరుకి ఎవరు పెట్టారు?

నార్త్ కరోలినాలో ఇంకా ఘోరం. 1962లో 'కోర్' అనే పౌరహక్కుల సంస్థ హైవే హోటళ్ల మీద ఉద్యమం పెట్టినప్పుడు ముఖ్యంగా ఎంచుకున్నది ఈ కంపెనీనే. డర్హమ్ శాఖ ముందు కూర్చున్న విద్యార్థులను అరెస్టు చేశారు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చాకే ఇలా గెంటేయడం చట్టవిరుద్ధమైంది. అదే పైకప్పు, అదే మెనూ. లోపల ఎవరు కూర్చోవచ్చన్నది మాత్రం ఊరిని బట్టి మారింది.

మన దగ్గర రెండు గ్లాసుల పద్ధతి సిగ్గుచేటు, అందులో రెండో మాట లేదు. ఆ సిగ్గు చెప్పుకోవడానికి డర్హమ్‌లో జైలుకెళ్లిన పిల్లల్ని చరిత్రలోంచి తుడిచెయ్యాలా?

"వంట తెలిసినవాడు ఒక్కడూ లేడు, అంతా ఫ్రీజర్ సరుకు" అన్నది ఇంకొకటి. ఆ ఫ్రీజర్ వంటకాలకు 1960 నుంచి రుచి కుదిర్చింది పేరున్న ఫ్రెంచ్ షెఫ్‌లు జాక్ పెపాన్, పియర్ ఫ్రానే. పెపాన్ అంతకుముందు ఫ్రాన్సులో ఆ దేశాధినేత డిగాల్‌కి వండిపెట్టినవాడు. "మెక్‌డొనాల్డ్స్ రాగానే మూతపడింది" అన్నది కూడా అబద్ధమే. కంపెనీ ముందు బ్రిటన్‌లోని ఇంపీరియల్ గ్రూప్ చేతికి, 1985లో మారియట్ చేతికి వెళ్లింది. న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ జార్జ్‌లో ఆఖరిది మూతపడింది 2022లో.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. తండ్రి నుంచి వ్యాపారం అందుకున్న కొడుకు ఖర్చులు కోసేయడం మీదే దృష్టి పెట్టాడని, దాంతో తిండీ మర్యాదా రెండూ పడిపోయాయని మెసేజ్‌లో ఉంది. అది నిజమే. మన హైవే హోటళ్ల వాళ్లు ఆ ముక్క తప్పకుండా చదవాలి. కాబట్టి పంపాలనుకుంటే ఆ ఒక్క పేరా పంపండి. మూడో పాయింటు మాత్రం దయచేసి ఇవాళే మీ గ్రూపుల్లోంచి తీసేయండి.