కల్యాణ మండపం కుర్చీలు అవ్వలకు ఇవ్వండి

ఆషాఢం వస్తే తిరుపతిలో కల్యాణ మండపాలకు పని తగ్గిపోతుంది. ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి దూర్చి మూలన పెడతారు. అదే వీధిలో నాలుగిళ్ల అవతల, మోకాళ్లు అరిగిన ఓ అవ్వ మంచం అంచున కూర్చుని, లేపేవాళ్ల కోసం ఎదురుచూస్తుంటుంది. ఈ కుర్చీని ఆ అవ్వ దగ్గరికి చేర్చమనే నేనడిగేది. వారానికి మూడు రోజులు, ముప్పావుగంట చొప్పున, కూర్చునే చేసే వ్యాయామం క్లాసు. చెప్పేవాళ్లకు శిక్షణ, నెలజీతం.

యోగా గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 2025 జూన్ 21న విశాఖ తీరంలో ప్రధాని సమక్షంలో లక్షల మంది చాపలు పరిచి ఆసనాలు వేయడం టీవీల్లో చూశాం. చాప మీద కూర్చుంటే మళ్లీ లేవలేనివాళ్లకు ఆ పండగలో చోటేది?

కుర్చీ వ్యాయామం అంటే చాలామందికి చిన్నచూపు. చేతులు ఊపితే కాళ్లకు బలం వస్తుందా అంటారు. చేతులు ఊపి ఊరుకుంటే రాదు. సరిగ్గా చేస్తే మాత్రం చెమట పడుతుంది. వీపు ఆనించకుండా ముందుకు జరిగి కూర్చోవాలి, పాదాలు రెండూ నేలకు ఆనాలి. ఒక కాలు చాపి, ఐదు లెక్కపెట్టేదాకా దించకూడదు. తర్వాత మడమలు, ఆ తర్వాత మునివేళ్లు ఎత్తాలి. అరలీటరు నీళ్ల బాటిలే డంబెల్. ఆఖరున అసలు పని: చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. 30 సెకన్లలో ఎన్నిసార్లు లేస్తారో చూసే పరీక్ష ఒకటుంది. 70 నుంచి 74 ఏళ్ల ఆడవాళ్లు 10 సార్లకన్నా తక్కువ లేస్తే పడిపోయే ముప్పు ఎక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ లెక్క. మా అమ్మ మొదటిసారి మూడుసార్లు లేచింది. నాలుగోసారికి నా భుజం పట్టుకుంది.

చెప్పడంలోనూ కిటుకులున్నాయి. ఎదురుగా కూర్చుంటే మన కుడి వాళ్లకు ఎడమ. కాబట్టి ‘కుడిచెయ్యి’ అంటూ టీచరు తన ఎడమచెయ్యి ఎత్తాలి. ఊపిరి బిగబట్టి బరువెత్తితే బీపీ పెరుగుతుంది. అందుకే పైకి లెక్కపెట్టించాలి, నోరు ఆడుతుంటే ఊపిరి ఆగదు. మా ఊళ్లో అంకెలతో కూడా పనిలేదు, గోవింద నామాలు చాలు. (వేరే మతంవాళ్లు ఉన్నచోట ఒకటీ రెండూ అనుకుందాం.) తుంటి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లను బాగా ముందుకు వంగమనకూడదు, కాలు మీద కాలు వేయనివ్వకూడదు. టైల్స్ మీద ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది, గోడకు ఆనించాలి. ఎదురుగా ఉన్న మనిషిని చూసి ఇవన్నీ చెప్పడం వాట్సాప్ వీడియో వల్ల అవుతుందా? మోకాలి ఆపరేషన్ తర్వాత మా అమ్మను ఇంటికి పంపుతూ ఓ ఆసుపత్రివాళ్లు బొమ్మల కాగితం ఒకటి చేతిలో పెట్టారు. అంతా ఇంగ్లిష్. ఆరు నెలలు ఫ్రిజ్ మీద ఉండి, ఎటో పోయింది.

కూర్చుని చేస్తే తూలకుండా నడవడం రాదనీ, అరకొర శిక్షణ ఉన్నవాళ్లకు పెద్దవాళ్లను అప్పగిస్తే ప్రమాదమనీ ఫిజియోథెరపిస్టులు అంటారు. నిజమే. 65 దాటినవాళ్లు వారానికి కనీసం మూడు రోజులు బలంతోపాటు బ్యాలెన్స్ పెంచే వ్యాయామాలూ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అందుకే కూర్చుని మొదలుపెట్టి, కుదిరినవాళ్లను కుర్చీ వీపు పట్టుకుని నిలబడేదాకా తీసుకురావాలి. ఎవరు చేరొచ్చో ఫిజియోనే చూసి పంపాలి. వీధికో ఫిజియో వచ్చేదాకా ఆగుదామంటే మాత్రం ఒప్పుకోను.

నాకు అంతకన్నా పెద్ద కోపం ఒకటుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లకు సేవ చేయడమంటే వాళ్లను కూర్చోబెట్టడమే. ‘నువ్వు కూర్చోమ్మా, నేను తెస్తా.’ నీళ్లచెంబు చేతికే, కంచం మంచం దగ్గరికే. అత్త లేచి గ్లాసు కడిగితే కోడలు ఊళ్లో మాట పడాలి. వాడని కండ కరిగిపోతుంది. ఆరు నెలలు ఇలా కూర్చోబెడితే బాత్రూముకు లేవడానికీ మనిషి సాయం కావాలి. ప్రేమతోనే కాళ్లు చచ్చుబడేలా చేస్తున్నాం. ప్రభుత్వమూ మన ఇళ్లలో కొడుకులాగే ఉంది. వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు 2024 జూలై నుంచి చేతికందుతోంది. పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైతే 15,000. ఇవ్వాల్సిందే, రూపాయి తగ్గించమనను. పడకముందు ఆ కాళ్ల కోసం పెట్టే ఖర్చు ఏ పద్దులో ఉంది? అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగిన కాళ్లవి!

మొన్న మా వీధి మండపానికి వెళ్లి, తాళాలు ఎవరి దగ్గరుంటాయని అడిగాను. ‘పెళ్లా సార్?’ అన్నాడు వాచ్‌మన్. ‘కాదు పెద్దాయనా, అవ్వలకు ఎక్సర్‌సైజు’ అంటే పకపకా నవ్వాడు. ఓనరు నంబరు చీటీ తెస్తానని రెండు చేతులూ తొడల మీద ఆనించి, ‘గోవిందా’ అంటూ కుర్చీలోంచి లేచాడు, రెండో ప్రయత్నానికి.