బుల్లి పిస్టల్ గారికి విన్నపం

మహారాజశ్రీ బుల్లి పిస్టల్ గారి సముఖమునకు, పట్టు చాలని చేతులవారి తరఫున వ్రాయు విన్నపం. ఉభయకుశలోపరి.

"చిన్న చేతికి చిన్న తుపాకీ" అంటూ మిమ్మల్ని సిఫార్సు చేసేవాళ్లకు కొదవ లేదు. కీళ్లవాతంతో వేళ్లు ముడుచుకోనివారికైనా, వయసు మీదపడ్డవారికైనా ముందు చూపించేది మిమ్మల్నే. బరువు లేరు, జేబులో ఇమిడిపోతారు, చూడముచ్చటగా ఉంటారు. తీరా తొలి తూటా ఎక్కించడానికి పైనున్న స్లైడ్ అనే జారే లోహపు తొడుగును వెనక్కి లాగబోతే తెలుస్తుంది తమరి అసలు పంతం.

తప్పు మీది కాదు లెండి, లెక్కే అలాంటిది. పేలినప్పుడు వెనక్కి దూసుకొచ్చే స్లైడ్‌ను నిలవరించాలంటే దానికి బరువైనా ఉండాలి, వెనక స్ప్రింగైనా బిరుసుగా ఉండాలి. బరువును మీరు వదిలించుకున్నారు కనుక పనంతా స్ప్రింగు నెత్తిన పడింది. పైగా పట్టుకోవడానికి మీ స్లైడ్ మీద వేలెడు చోటు. వాల్తర్ పీపీకే వంటి మీ బ్లోబ్యాక్ బంధువుల సంగతి మరీను. వారిలో బారెల్ (తూటా దూసుకెళ్లే గొట్టం), స్లైడ్ ఒకదానికొకటి లాక్ కావు. అందుకని .380 తూటా చిన్నదే అయినా, 9 ఎంఎం పెద్ద పిస్టల్ కన్నా వారి స్లైడే మొండికేయవచ్చు. "తూటా చిన్నది కదా, తేలిగ్గా ఉంటుంది" అనుకుని కొన్నవారు బోల్తాపడేది ఇక్కడే.

స్ప్రింగు మెత్తనిది వేయిస్తే పోలా అనే సలహాదారులూ ఉన్నారు. వేయిస్తే స్లైడ్ వెళ్లి ఫ్రేమ్‌ను, అంటే పిస్టల్ చట్రాన్ని, బాదుతుంది, తిరిగి వచ్చేటప్పుడు తూటాను చాంబర్ అనే పేలే గదిలోకి పూర్తిగా నెట్టే ఓపిక దానికి ఉండదు.

మీరు వద్దంటే రివాల్వర్ గారి దగ్గరికి పంపుతారు. ఆయనకు స్లైడే లేదు, ఒప్పుకుంటాం. కానీ డబుల్ యాక్షన్ (హ్యామర్ అనే సుత్తిని తానే ఎత్తి, తానే వదిలే) ట్రిగ్గర్ నొక్కడానికి దాదాపు 5 కిలోల బలం కావాలి, అదీ ఒక్క చూపుడువేలితో! 400 గ్రాముల తేలికరకం .38 స్పెషల్ అయితే పేల్చిన ప్రతిసారీ నొప్పి మణికట్టుదాకా పాకుతుంది. ఉక్కు ఫ్రేమ్, రబ్బరు గ్రిప్, మెత్తగా తన్నే వాడ్‌కట్టర్ తూటాలు పెడితే కొంత నయం. ట్రిగ్గర్ తేలికవుతుంది, హ్యామర్‌ను బొటనవేలితో ముందే ఎక్కుపెట్టుకోమంటారు కొందరు. బొటనవేలి కీలే పట్టేసినవారికి ఆ సలహా ఎందుకో వారికే తెలియాలి.

మీ వంశంలో మంచివారు లేకపోలేదు. స్మిత్ అండ్ వెసన్ వారి షీల్డ్ ఈజీ 2018లో .380లో వచ్చింది, తర్వాత 9 ఎంఎంలోనూ. లోపల హ్యామర్ పెట్టి, స్ప్రింగును మెత్తబరిచారు. బెరెట్టా టామ్‌క్యాట్‌లో బారెల్ వెనక కొస పైకి లేస్తుంది, స్లైడ్ జోలికి పోకుండా తొలి తూటా నేరుగా చాంబర్‌లో పెట్టేయొచ్చు.

హ్యామర్ బయటికి కనిపించే పిస్టల్ అయితే దాన్ని ముందే ఎక్కుపెట్టి లాగాలి, లేకపోతే స్లైడ్‌తో పాటు హ్యామర్ స్ప్రింగునూ మనమే జయించాలి. లాగడం కూడా వేలికొసలతో కాదు. పిస్టల్‌ను ఛాతీకి దగ్గరగా తెచ్చి, రెండో అరచేతిని స్లైడ్ వెనక భాగం మీద బోర్లించి బిగించి, గ్రిప్ ఉన్న చేతిని ముందుకు తోయాలి. అప్పుడు భుజాలు పనిచేస్తాయి. పేలిన తూటాల ఖాళీ గుల్లలు బయటపడే సందును మూయకూడదు, వేలు ట్రిగ్గర్ మీద ఉండకూడదు. లాగే హడావిడిలో బారెల్ మూతి పక్కవాళ్ల వైపు తిరిగిపోవడం చాలామందికి అలవాటు, అది క్షమించరానిది. వెనక్కి తెచ్చాక ఠక్కున వదిలేయాలి. మెల్లగా సాగనంపితే స్లైడ్ దారిలోనే ఆగిపోతుంది.

మణికట్టు వదులైతే మరో చిక్కు. ఫ్రేమ్ కూడా స్లైడ్‌తో కలిసి వెనక్కి ఊగుతుంది, స్లైడ్ ప్రయాణం సగంలో నిలిచిపోతుంది, ఖాళీ గుల్ల సందులో నిలువునా ఇరుక్కుంటుంది. మీ అంత తేలికవారితో ఇది ఇంకా ఎక్కువ. బరువైన పిస్టల్ ఈ బలహీనతను కొంత మన్నిస్తుంది.

అంగట్లో తమరిని ఒక్కసారి లాగి "వచ్చేసింది" అనుకుంటే కుదరదు. వరసగా పదిసార్లు లాగాలి, పదోదే లెక్క. స్లైడ్‌ను వెనక్కి పట్టుకునే, దాన్ని అక్కడే ఆపే లివర్‌ను బొటనవేలితో పైకి నెట్టి నిలపగలగాలి, చాలామంది చేతులెత్తేసేది అక్కడే. తూటాలు నింపే పెట్టె అయిన మేగజీన్‌లో చివరి రెండు తూటాలు వేలిని పిండేస్తాయి, దానికి లోడర్ అనే పనిముట్టు ఉంది. అది వాడినందుకు నామోషీ అక్కర్లేదు.

కాబట్టి కోపగించక, పక్క అరలోని మీ పెద్దన్నగారిని ఒకసారి ఇటు పంపగలరు. మేగజీన్ తీసి, చాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి మరీ పంపమనండి.

ఇట్లు,
తమరిని లాగలేకపోయినవారి తరఫున