గిరికీల విమానం

"ఎంత లాఘవంగా తిరిగేదండీ!" బ్లెరియో-స్పాడ్ 510 అనే ఫ్రెంచి యుద్ధవిమానం మాటెత్తితే చాలు, ఎవరో ఒకరు అరమోడ్పు కళ్లతో ఈ ముక్క అనేస్తారు. తిరిగేది, ఎవరు కాదన్నారు? గానుగెద్దు కూడా తిరుగుతుంది.

వరస చూడండి. 1932 జూన్‌లోనే ఫ్రాన్సులో దెవ్వాతీన్ 500 లోహపు ఒంటిరెక్కతో ఎగిరింది. 1933 జనవరిలో మన రెండు రెక్కల స్పాడ్ లేచింది. 1935 మేలో జర్మనీలో మెసర్‌స్మిట్ 109 కూడా ఒంటిరెక్కతోనే ఎగిరింది. ఫ్రెంచి దొరలు ఆగస్టు దాకా గంభీరంగా ఆలోచించి 60 స్పాడ్‌లకు ఆర్డరిచ్చారు!

బైప్లేన్‌లో, అంటే ఒకదానిపై ఒకటి రెండు రెక్కలున్న విమానంలో, పైరెక్క కింద పెరిగే ఒత్తిడి, కిందిరెక్క పైన తగ్గాల్సిన ఒత్తిడిని పాడుచేస్తుంది. రెక్కల మధ్య నిలబెట్టే కమ్మీలు (స్ట్రట్లు), వాటిని బిగించే తీగలు, ముడుచుకోని చక్రాలు గాలిని పట్టి లాగుతాయి. వేగం రెట్టింపు కావాలంటే ఇంజిన్ శక్తి ఎనిమిదింతలు కావాలి. అందుకే స్పాడ్‌లోని 690 గుర్రాల ఇస్పానో-స్విజా ఇంజిన్ కూడా గంటకు 370 కిలోమీటర్ల దగ్గర చేతులెత్తేసింది.

ఇక తీగల సేవ. తోక దిమ్మెకెత్తి, స్పిరిట్ లెవెల్‌తో సమం చేసి, రెక్కల కోణం కొలవాలి. తీగ బిగించే మర (టర్న్‌బకిల్) అరచుట్టు బిగిస్తే ఎదురు తీగను ఆ మేరకు వదలాలి, మళ్లీ కొలవాలి, చివర్న మర వదులుకాకుండా లాకింగ్ వైరు చుట్టాలి. ఎడమరెక్క కోణం కాస్త ఎక్కువైందా, విమానం కుడికి ఒరుగుతుంది. పైలట్ దిగేదాకా స్టిక్‌తో కుస్తీయే.

ఇంతా చేసి యుద్ధంలో జరగాల్సింది ఇది: "మెసర్‌స్మిట్ గారూ, తమరు 550 మీద వస్తున్నారు, కాస్త నెమ్మదించండి. ఇలా గుండ్రంగా తిరుగుదాం. కాదు, పైనుంచి దూకి కాల్చి పోవడం మర్యాద కాదు. అయ్యా, వెళ్లిపోతున్నారేం?" నిమిషానికి మూడు కిలోమీటర్లు వెనకబడ్డవాడి లాఘవం ఎవరికి చూపాలి?

పోనీ ఆ లాఘవమైనా సవ్యమా? స్పిన్‌లో, అంటే అదుపు తప్పి గిరగిరా తిరుగుతూ పడేటప్పుడు, విమానం మొరాయిస్తే తోకభాగం పొడిగించాల్సి వచ్చింది. స్పిన్‌లో ఇరుక్కునేది ఫైలు కాదు, పైకప్పు లేని కాక్‌పిట్‌లో కూర్చున్న కుర్రాడు. ఆర్డరు మీద సంతకం పెట్టినవాడు దానిలో ఎక్కాల్సిన పనిలేదు. పరుగెత్తి తప్పించుకునే దారి లేకుండా కుర్రాళ్లను పైకి పంపి, "అబ్బ, ఏం తిరుగుడు" అని మురిసిపోవడానికి సిగ్గుండాలి. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలయ్యేనాటికీ కొన్ని స్పాడ్‌లను వదిలించుకోలేదు, రిజర్వు పేరుతో అట్టే పెట్టారు. దేనికి రిజర్వు?