ఎండకు నీరసించిన ప్యానెల్

మా బావకి సీతానగరంలో ఓ పాత ఫైబర్ పడవ ఉంది. దాని డీజిల్ ఇంజను మొరాయించి చాలాకాలమైంది. ఏప్రిల్లో ఒక రాత్రి ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, కేరళలో వైక్కం దగ్గర 2017 నుంచీ సోలార్ పడవ తిరుగుతోందట. 75 మంది ఎక్కుతారట. మనం ఇద్దరమే కదా, భవానీ ద్వీపం దాకా పోయొద్దాం. పైగా బెజవాడ ఎండ! ఈ ఎండకి పడవేంట్రా, ఓడే నడుస్తుంది."

లెక్కలు నా వంతు. పడవకి పెట్టబోయే కరెంటు మోటారు 12 వోల్టులది. పూర్తి వేగంతో పోతే 50 ఆంపియర్లు లాగుతుంది, అంటే 600 వాట్లు. ఇంట్లో ఇన్వర్టర్‌కి కొన్న 150 ఆంపియర్-అవర్ ట్యూబులర్ బ్యాటరీ ఉంది. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి పిండితే తొందరగా పోతుంది కాబట్టి మనకి దక్కేది 900 వాట్-అవర్లు. గంటన్నర ప్రయాణం. అయితే నీళ్లలో వేగం సగానికి తగ్గిస్తే కరెంటు ఎనిమిదో వంతు చాలు. ఈ మాట ఎంతో ఉత్సాహంగా చెప్పాను.

"అంత నిదానంగా పోవడానికి సోలార్ ఎందుకు, తెడ్డు లేదూ?" అన్నాడు బావ.

330 వాట్ల ప్యానెల్ కొన్నాం. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు. పడవకి పైకప్పులా బిగిస్తే మాకు నీడ, బ్యాటరీకి మేత. బ్యాటరీ ఒక్కటే 60 కిలోలు. ఇంకో మనిషిని ఎక్కించుకున్నట్టే, పైగా ఆ మనిషి తెడ్డు కూడా వెయ్యడు.

నది మీదికి తీసుకెళ్లేముందు సత్యనారాయణపురంలో మా డాబా మీదే పరీక్ష పెట్టాను. ప్యానెల్‌ని దక్షిణానికి 16 డిగ్రీలు వాల్చి, వైర్లు కిందికి లాగి, మెట్ల కింద బ్యాటరీ, దానికి తగ్గట్టు ప్యానెల్ కరెంటుని సర్దే చార్జ్ కంట్రోలర్ అమర్చాను. ముందు బ్యాటరీ తగిలించి ఆ తర్వాతే ప్యానెల్ తగిలించాలి. ఆ వరస కూడా తప్పలేదు. రాత్రిళ్లు ఫాన్లు తిప్పి బ్యాటరీ దించడం, పగలు గంటకోసారి మీటరు చూసి నాకు ఆఫీసుకి ఫోన్ చెయ్యడం సెలవుల్లో ఉన్న మావాడి డ్యూటీ.

"నాన్నా, ఎనిమిదింటికి 8 ఆంపియర్లు." శభాష్. "తొమ్మిదింటికి 1.5." ఏంటీ? "పన్నెండింటికీ 1.5 యే."

ఆఫీసులో పని మీద మనసు నిలిస్తే ఒట్టు. సాయంత్రం వచ్చి డాబా ఎక్కితే ప్యానెల్ అద్దంలా మెరుస్తోంది. మర్నాడూ అదే కథ. వైరు సన్నమైందేమోనని లావుది వేశాను. కనెక్టర్లు మార్చాను. ప్యానెల్ అమ్మినాయనకి ఫోన్ చేస్తే, "మన ఊరి ఎండకి ప్యానెల్ నీరసపడుతుంది సార్" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ అందులో నిజముంది. ప్యానెల్‌కి కావలసింది వెలుతురు, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ సుమారు 0.4 శాతం తగ్గుతుంది. మేలో అది 70 డిగ్రీలకి కాగిందనుకున్నా 18 శాతం పోవాలి. 18 ఆంపియర్లు రావలసిన చోట 15 రావాలి. 1.5 ఏంటి? మీటర్లో చుక్క గానీ పక్కకి జరిగిందా?

"చల్లబరుచు. నీళ్లు కొట్టు" అన్నాడు బావ.

ఆదివారం మిట్టమధ్యాహ్నం తలకి తడితువ్వాలు చుట్టుకుని పైపు లాక్కెళ్లాను. డాబా మీద కాలు పెడితే చర్మం అక్కడే ఉండిపోయేలా ఉంది. ఆఖరి మెట్టు మీదే నిలబడి, పిట్టగోడ చాటు నుంచి ప్యానెల్ ఉన్న వైపు ధార వదిలాను. కాగిన అద్దం పగులుతుందేమో అన్న ఆలోచన కూడా రాలేదు.

కింద నుంచి మావాడి కేక: "నాన్నా, 3! ... 7! ... 15 నాన్నా!"

పూనకం వచ్చినంత పనైంది. ఇంకా గట్టిగా కొట్టాను. అంతలో వంటింట్లోంచి మా అమ్మ గొంతు: "ఒరేయ్, తూములోంచి గంజి కారుతోందేంట్రా? జీలకర్ర కూడా ఉంది!"

చెప్పులేసుకుని వెళ్లి చూశాను. ప్యానెల్ కింద మా నాన్నగారి పాత పంచె ముద్దలా పడి ఉంది. దాని చుట్టూ సగ్గుబియ్యం వడియాలు, వడియాలు అవకుండానే పోయినవి.

మూడు రోజులుగా అమ్మ పొద్దున్నే ఆ పంచె తడిపి ప్యానెల్ నిండా పరిచి వడియాలు పెడుతోంది. నేనొచ్చేలోపు దించేస్తోంది. మావాణ్ణి అడిగితే, "నువ్వు మీటరు చూడమన్నావు గానీ డాబా చూడమన్లేదుగా" అన్నాడు. ప్యానెల్లో సెల్స్ అన్నీ దండలా వరసగా ఉంటాయి, ఒక్కదాని మీద నీడ పడినా ఆ వరసంతా దెబ్బతింటుందని అమ్మకి వివరించబోయాను.

"ఆ గాజు ఎండ కోసమే అన్నావు. నేనూ ఎండ కోసమే పెట్టాను. శుభ్రంగా ఉంది, వాలుగా ఉంది. రెండు సోలల సగ్గుబియ్యం పాడుచేసి నాకు చెబుతావేంట్రా?"

సోమవారం సెలవు పెట్టి వడియాలు పెట్టాను. డాబా నేల మీదే. కాకుల కాపలా కూడా నాదే.

ఆ సాయంత్రం బావ టేపు పట్టుకుని ప్యానెల్ కొలవడానికి వచ్చాడు. అమ్మ కాఫీ తెచ్చిచ్చి, ఎంతో మర్యాదగా అడిగింది: "అల్లుడు గారూ, నది మధ్యలో కాకులుండవు కదూ?"

అత్తగారి మాటకి బావ ఎన్నడూ ఎదురు చెప్పలేదు. నా పుస్తకం తీసుకుని, పడవ మోయాల్సిన బరువుల పట్టీలో బ్యాటరీ 60, ప్యానెల్ 22 అని ఉన్న చోట, కింద ఇంకో వరస రాశాడు: వడియాలు, 2 కిలోలు.