బీట్‌రూట్ సబ్బు రాణీ రంగులో ఉందంటే నేను నమ్మను

వేసవిలో మా పిన్ని కూతురి సీమంతం. రిటర్న్ గిఫ్టులకి 40 సబ్బులు చేసిపెట్టమంది పిన్ని. ‘బీట్‌రూట్ రంగు రావాలి, కెమికల్స్ వద్దు’ అని షరతు. ఫోన్‌లో ఒక రీల్ కూడా చూపించింది. రాణీ రంగులో మెరిసిపోతున్న సబ్బు, పక్కనే కోసిన బీట్‌రూట్ ముక్కలు. అది అబద్ధం పిన్నీ అన్నాను. మొహం ముడుచుకుంది.

కెమికల్స్ సంగతి తర్వాత. కిలో కొబ్బరి నూనె సబ్బుగా మారాలంటే దగ్గర దగ్గర 180 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది. అది లేకుండా మిగిలేది నూనే. ఈ మాటంటే ఇంకో గొడవ.

మొదట్లో నేనూ ఒక వర్క్‌షాప్‌కి డబ్బు కట్టి, వాళ్లు చెప్పినట్టే బీట్‌రూట్ పొడి కలిపాను. తెల్లారేసరికి ఎండిన పేడ రంగు! అడిగితే ‘మీ పొడి కల్తీదేమో’ అన్నారు. పొడి తప్పేం లేదండీ. కాస్టిక్ సోడా లాంటి క్షారంలో ఆ ఎరుపు బతకదు. మందారమూ అంతే, శంఖుపువ్వు నీలమూ అంతే. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవడం మనం చూడనిదా? సబ్బులోనూ పసుపు ముందు అలాగే ఎర్రబారి, ఆరేకొద్దీ మళ్లీ పసుపులోకి దిగుతుంది. వెలుతురు తగిలితే అదీ వెలిసిపోతుంది.

కాస్త నిలబడే రంగులు లేకపోలేదు. నూనెలో నానబెట్టిన జాఫ్రా గింజలు నారింజ రంగునిస్తాయి. మంజిష్ఠ వేరు మసక గులాబీ ఇస్తుంది. నీలిమందు భేషుగ్గా ఉంటుంది గానీ, చెయ్యి జారితే నురగ కూడా నీలమే. తువ్వాలు గతి మీరే ఊహించుకోండి.

నన్నడిగితే సబ్బు అందం సగం పోయడంలోనే ఉంది. నూనె, కాస్టిక్ నీళ్లు కలిసి చిక్కబడటాన్ని ట్రేస్ అంటాం. మజ్జిగలా ఉన్నప్పుడు పోస్తే రంగులన్నీ ఏకమైపోతాయి, ఇడ్లీ పిండిలా అయితే కదలవు. దోసెల పిండి జారులో ఉండగా జానెడు ఎత్తు నుంచి సన్నగా ధార పోయాలి, రంగు లోపలికి దిగుతుంది. అచ్చుకి దగ్గరగా పోస్తే పైనే పరుచుకుంటుంది. సబ్బు కోసినప్పుడు గానీ లోపల ఏ ముగ్గు పడిందో తెలీదు, ఆ నిమిషం కోసమే నా తిప్పలన్నీ. ఓసారి లవంగ నూనె వేస్తే గిన్నెలోనే ఉప్మాలా బిగుసుకుపోయింది. తవ్వి అచ్చులో కుక్కాను.

ఆ రీల్స్‌లో ఉన్నది రెడీమేడ్ బేస్, అంటే ముందే తయారైన సబ్బు ముద్ద, కరిగించి, మైకా అనే మెరుపు పొడో ఇంకేదో రంగో కలిపినదని నా అనుమానం. అందులో తప్పేం లేదు. పిల్లలున్న ఇంట్లో కాస్టిక్ జోలికి పోకుండా అదే మేలు. కలిపిన రంగు పేరు రాయొచ్చుగా? పక్కన బీట్‌రూట్ పెట్టి ఫొటో తీయడమే నాకు మంట.

చివరికి పిన్నికి మంజిష్ఠతో చేసిచ్చాను. ‘ఇదేంటే, వెలిసిన చీరలా ఉంది’ అంది. నిన్న ఫోన్ చేసి దసరాకి ఇంకో 20 కావాలట. వినాయక చవితిలోపే ఖాయం చేయమన్నాను, ఆరడానికే నెల పడుతుంది.