‘తాళంచెవి లేని తాళం ఉంటే పడవ భద్రం’ అనే మాటలో నిజమెంత?

పడవ క్యాబిన్‌కు తాళంచెవి అక్కర్లేని ఎలక్ట్రానిక్ తాళం బిగిస్తే దొంగల బెడద తీరిపోతుందని, దుమ్ము, నీరు లోపలికి చేరవని తెలిపే ఐపీ67 గుర్తు ఉంటే ఉప్పునీరు దాన్నేమీ చేయదని, చెవి పెట్టే రంధ్రమే లేదు కాబట్టి దొంగకు దారే ఉండదని చెప్పే సందేశం పడవల యజమానుల మధ్య బాగా తిరుగుతోంది. ఈ మూడింటిలో ఒక్కటి కూడా పూర్తిగా నిలబడదు.

అన్నిటికన్నా ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఐపీ67 గురించిన మాట. అందులోని 6 లోపలికి దుమ్ము చొరబడదని, 7 మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉంచినా హాని చేసేంత నీరు లోపలికి చేరదని మాత్రమే చెబుతాయి. ఆ పరీక్ష మంచినీటితో చేసేది. ఉప్పు జల్లుకు లోహం ఎంతవరకు తుప్పు పట్టకుండా ఆగుతుందో చూసే పరీక్ష వేరు. దానికి ఐఎస్ఓ 9227 అనే ప్రత్యేక ప్రమాణమే ఉంది. పైగా బ్యాటరీ మార్చిన ప్రతిసారీ మూత తీయవలసిందే. రబ్బరు సీలు మీద ఒక ఇసుక రేణువు నిలిచినా తేమకు సందు దొరుకుతుంది, కొన్నాళ్లకు బ్యాటరీ తగిలే రేకుల మీద పచ్చటి చిలుము పేరుకుంటుంది, అప్పుడు బ్యాటరీ నిండుగా ఉన్నా తాళంలోని చిన్న మోటారుకు కరెంటు సరిగా అందక గడియ కదలదు. బయటి భాగాలకు 304 రకం కంటే మాలిబ్డినం కలిసిన 316 స్టెయిన్‌లెస్ స్టీలు మేలు, అయితే అదీ తుప్పుకు పూర్తిగా అతీతం కాదు.

ఇక దొంగకు దారి లేదన్న మాట. 2016లో డెఫ్ కాన్ అనే హ్యాకర్ల సమావేశంలో ఇద్దరు పరిశోధకులు తాము పరీక్షించిన 16 బ్లూటూత్ తాళాల్లో 12 తెరవగలిగామని చూపించారు. వాటిలో కొన్ని పాస్‌వర్డును ఏ మరుగూ లేకుండా గాలిలోకి పంపుతున్నాయి. ఫోను దూరంగా ఉన్నా దాని సిగ్నల్‌ను మధ్యలో అందుకుని తాళానికి చేరవేసి, ఫోను పక్కనే ఉన్నట్టు నమ్మించవచ్చని ఎన్‌సీసీ గ్రూప్ అనే సైబర్ భద్రతా సంస్థ 2022లో నిరూపించింది. తాళాలన్నీ ఇలాగే ఉంటాయనడం అన్యాయమే కానీ, దగ్గరికి రాగానే దానంతటదే తెరుచుకునే సదుపాయాన్ని ఆపివేయడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

క్యాబిన్ తలుపుకు వేసిన తాళం, పడవ వెనుక బయటివైపు బిగించిన ఔట్‌బోర్డ్ మోటారునూ, పడవను మోసే ట్రైలర్‌నూ కాపాడదు. ఆ తలుపుకైనా గడియను పట్టి ఉంచిన మరలు బయటికి కనబడుతుంటే, కోడ్‌తో పని లేకుండా వాటినే ఊడదీస్తారు.

తాళంచెవి నీళ్లలో పడిపోయే భయం లేకపోవడం, సిబ్బంది మారినప్పుడు కోడ్ మార్చుకోగలగడం నిజంగానే ఉపయోగాలు. వాటి కోసం కొనేవారు, కరెంటు లేకపోయినా బయటినుంచి మామూలు చెవితో తెరుచుకునే తాళాన్నే ఎంచుకుని, ఆ చెవిని ఒడ్డున ఉంచుకోవాలి. క్యాబిన్‌లో మంటలు లేచినా, గ్యాస్ లీకైనా లోపలివారికి మిగిలేవి కొన్ని క్షణాలే కనుక, బ్యాటరీ తీసేసి లోపలి పిడిని తిప్పి తలుపు తెరుచుకుంటుందో లేదో బిగించిన రోజే చూసుకోవాలి.