ఏం గాదు, పెట్టుకో

కాంటాక్ట్ లెన్సుల డబ్బాలో ఎనిమిది మడతల కాగితం ఒకటి ఉంటుంది. చీమ తలకాయంత అక్షరాలు. లెన్సులు పెట్టుకోనిదే ఆ కాగితం చదవలేం, ఆ కాగితం చదవనిదే లెన్సులు పెట్టుకోరాదు. అది రాసినవాళ్లు వరంగల్ వైపు ఒక్కసారీ రాలేదని నా గట్టి నమ్మకం. వచ్చి, ఒక లగ్గానికి హాజరై, బగారన్నం తిని, మన ఆచార వ్యవహారాలు చూసి పోయి ఉంటే అందులో సగం షరతులు వాళ్లే కొట్టేసేవాళ్లు.

మనకు తాతల నాటి నుంచి ఒకటే శాస్త్రం: ఏం గాదు. బండి మీద నలుగురు ఎక్కినా ఏం గాదు. గ్యాస్ పైపుకు ప్లాస్టర్ చుట్టినా ఏం గాదు. బ్రేకులు పడకపోతే కాళ్లున్నాయి. ఇన్ని తరాలను మోసుకొచ్చిన శాస్త్రాన్ని, దాదాపు 14 మిల్లీమీటర్ల మెత్తటి బిళ్ల కోసం పక్కన పెట్టమనడం న్యాయమేనా?

నేను ఊరికే మాట్లాడటం లేదు. ప్రయోగం మా ఇంట్లోనే జరిగింది. మాఘమాసంలో హనుమకొండలో మా బామ్మర్ది లగ్గం. వాడికి మైనస్ నాలుగు. అద్దాల మీద లైటు పడితే మెరుస్తుందని, పెండ్లికొడుకు కండ్లు ఫోటోలో కనబడవని ఫోటోగ్రాఫర్ ముందే చెప్పాడు. అట్లా లెన్సులు మా ఇంటికి వచ్చాయి.

లగ్గం పొద్దున ఫంక్షన్ హాల్ బాత్రూంలో వాడు, నేను, ఒక వాష్‌బేసిన్. నలుగు పెట్టిన పసుపు వాడి వేళ్ల సందుల్లో ఇంకా ఉంది. సబ్బు ఉండాల్సిన చోట ఖాళీ సబ్బుపెట్టె ఉంది. లెన్సును చూపుడు వేలి కొన మీద నిలబెట్టి, నోరు బార్లా తెరిచి (కంట్లో పెట్టుకునేదానికి నోరెందుకు తెరవాలో ఎవరూ చెప్పలేరు), కంటి దగ్గరికి తెచ్చేసరికి అది జారి బేసిన్‌లో పడింది. నేను ఫోన్ లైటు కొట్టాను. జాలీ అంచున, ఎవరిదో వెంట్రుక పక్కన, నీటి చుక్కలా మెరుస్తూ దొరికింది. లెన్సులు కడిగే సొల్యూషన్ సీసా కాజీపేటలో, ఇంట్లో, ఫ్రిజ్ మీద ఉంది.

"బావా, నల్లా కింద కడుగుతా. ఏం గాదు కదా?"

"ఏం గాదు" అన్నాను, ఇంటి పెద్దల్లుడి హోదాలో.

కడిగాడు. అయినా మనసొప్పక ఒకసారి నాలుక మీద పెట్టి తడిపాడు. అప్పటికే రెండు చాయ్‌లు తాగిన నాలుక అది. ఆ తర్వాత కంట్లో పెట్టుకున్నాడు, తిరగేసి. వేలి మీద పెట్టి పక్క నుంచి చూస్తే లెన్సు అంచులు గిన్నెలా నిలబడాలట, సాసర్‌లా బయటికి వాలితే తిరగబడినట్టట. ఇది మాకు తెలిసేనాటికి లగ్గమైపోయింది.

జీలకర్ర బెల్లం దగ్గరే ఎడమ కంటి నుంచి ధార మొదలైంది. హోమం పొగకు రెండో కన్నూ అందుకుంది. అప్పగింతలకు ఇంకా మూడు గంటలుంది, పిల్ల తల్లి ఇంకా ఏడవనే లేదు, పిలగాడు మాత్రం వెక్కి వెక్కి తుడుచుకుంటున్నాడు. "ఎంత మెత్తటి మనసో" అని పిల్ల మేనత్త కొంగుతో కండ్లొత్తుకుంది. మా అత్తమ్మ గర్వంగా నలుగురి వైపూ చూసింది. అసలు సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. నేను బగారన్నం వైపు నడిచాను.

బరాత్ అయ్యేసరికి రాత్రి రెండు. డీజే ముందు ఊగి ఊగి వచ్చి, లెన్సులతోనే పడుకున్నాడు.

తెల్లారి కన్ను చింతనిప్పు. కిటికీ వైపు తిరగలేకపోయాడు. మన శాస్త్రానికి ఇంకో అవకాశం మిగిలే ఉంది కాబట్టి మెడికల్ షాపుకు వెళ్లి, చీటీ లేకుండానే చుక్కల మందు తెచ్చాను. సాయంత్రానికి ఎరుపు తగ్గింది. నేను విజయం ప్రకటించాను. మర్నాటికి నొప్పి రెట్టింపయింది. కొన్ని చుక్కల మందుల్లో స్టెరాయిడ్ ఉంటుందని, అది పైన ఎరుపును అణిచి లోపల ఇన్‌ఫెక్షన్‌ను పెంచి పోషిస్తుందని కంటి డాక్టరమ్మ చెప్పింది, ఆ సీసాను చిటికెన వేలితో పక్కకు జరుపుతూ.

నేను తగ్గలేదు. "లెన్సు కడిగింది మిషన్ భగీరథ నల్లా నీళ్లతో మేడం, అవే మేం తాగుతున్నాం" అన్నాను.

"తాగండి. కడుపులో యాసిడ్ ఉంటుంది. కంట్లో ఏముంటుంది?"

నల్లా నీళ్లలో, చెరువుల్లో, మట్టిలో అకాంతమీబా అనే జీవి ఉండొచ్చట. లెన్సుతో పాటు కంట్లో చేరితే నల్లగుడ్డు ముందుండే పారదర్శక పొరకు, అంటే కార్నియాకు, ఎసరు పెడుతుందట. వదిలించడానికి నెలలు పడుతుందట. మావాడి అదృష్టం, గీత పడి బ్యాక్టీరియా చేరడంతో సరిపోయింది. ఈ కార్నియాకు రక్తనాళాలు లేవు, గాలిలోని ఆక్సిజన్‌ను కన్నీటి పొర ద్వారా తీసుకుంటుంది. పైన లెన్సు, ఆపైన మూసిన రెప్ప. ఎండాకాలం రెండు రగ్గులు కప్పి పడుకోబెట్టినట్టు.

"లెన్సులు పెట్టే డబ్బా ఏది?" అంది. మావాడిది కొత్తది కాబట్టి నేను ఉత్సాహం ఆపుకోలేక నాది జేబులోంచి తీశాను. అవును, నేనూ ఆ బాపతే. నా డబ్బా రెండు మేడారం జాతరలు చూసింది. రెండుసార్లూ నేను లెన్సులతోనే జంపన్న వాగులో మునిగాను. డబ్బా మూడు నెలలకోసారి మార్చాలట. మూడు నెలలకు మా ఇంట్లో క్యాలెండర్ కాగితం కూడా చించరు.

"పాత సొల్యూషన్ పారబోస్తారా?"

"లేదు మేడం, తగ్గినంత పోస్తా. సీసా ధర మీకు తెలియనిదా?"

"మీ ఇంట్లో పెరుగు ఎట్లా తోడేస్తారు?"

"గిన్నెలో నిన్నటిది కొంచెం ఉంచి, దాని మీద పాలు..." అన్నాను. ఆమె మరేమీ అనలేదు. నా డబ్బా వైపు చూసింది. నేనూ చూశాను. అడుగున ఏదో తోడుకుని ఉంది.

చివరి అస్త్రంగా ఒట్టో విక్టర్లే పేరెత్తాను. చెక్ దేశపు రసాయన శాస్త్రవేత్త. 1961 క్రిస్మస్ వేళ ఇంట్లో బల్ల మీద పిల్లల బొమ్మల సెట్టుకు సైకిల్ డైనమో తగిలించి మెత్తటి లెన్సులు తయారుచేశాడు. మన కాశిబుగ్గలో పుట్టాల్సిన మనిషి. ఆయన కూడా ఏం గాదు అనే కదా మొదలుపెట్టింది? "ఆయన తయారుచేయడానికి డైనమో వాడాడు, కడగడానికి నాలుక వాడలేదు" అని డాక్టరమ్మ చీటీ రాసి ఇచ్చింది.

అయినా ఆ కాగితాన్ని మన ప్రాంతానికి తగ్గట్టు తిరగరాయాల్సిందేనని నా డిమాండ్. చేతులు కడగాలని ఉందే గానీ మిర్చి ఊసే లేదు. ఎనుమాముల యార్డులో గుమస్తాగా చేసే నా దోస్తు రోజంతా మిర్చి బస్తాల మధ్య తిరిగి, చేతులు వట్టి నీళ్లతో కడుక్కుని, రాత్రి లెన్సు తీయబోయాడు. మిర్చి ఘాటు వట్టి నీళ్లకు లొంగదని ఆ వాడ మొత్తానికి ఒక్క కేకతో తెలిసిపోయింది. సబ్బు అని కాగితంలో ఉందట. ఉంటే మాత్రం, పక్కన మిర్చి బొమ్మ వేయొద్దా?

బామ్మర్దికి చూపు దక్కింది. పదహారు రోజుల పండుగకు అద్దాలతోనే అత్తగారింటికి పోయాడు. అద్దాలున్నట్టు మాకు చెప్పనేలేదని వాళ్లు కొంచెం నొచ్చుకున్నారు.

పోయిన వారం ఆల్బమ్ వచ్చింది. లగ్గం ఫోటోలన్నింట్లో వాడు ఏడుస్తూనే ఉన్నాడు. పదహారు రోజుల పండుగ ఫోటోల్లో అద్దాలతో, నవ్వుతూ, కండ్లు స్పష్టంగా ఉన్నాడు. అద్దాల మీద మెరుపేదీ లేదేమని ఫోటోగ్రాఫర్‌ను అడిగాను.

"అదా అన్నా? కంప్యూటర్‌ల తీసేసిన. రెండు నిమిషాల పని."